పీజీ హాజరు: 75 శాతం గీతకు అవతల మిగిలేది ఎవరు?

సెమిస్టర్ ముగింపుకు వస్తూనే విశ్వవిద్యాలయ విభాగాల నోటీసు బోర్డుల మీద ఒక జాబితా వెలుస్తుంది. హాజరు 75 శాతానికి తగ్గిన విద్యార్థుల పేర్లు అందులో ఉంటాయి. 65 దాటి 75కు చేరనివారు వైద్య ధ్రువపత్రం సమర్పించి, రుసుము కట్టి మన్నింపు కోరవచ్చు. అంతకన్నా తగ్గినవారికి ఆ సెమిస్టర్ పరీక్ష లేదు. కొద్దిపాటి తేడాలతో మన రాష్ట్రంలోని చాలా విశ్వవిద్యాలయాల్లో నడిచే పద్ధతి ఇది. అందరికీ ఒకే గీత గీశారు కనుక ఇందులో వివక్షకు తావెక్కడిదని అధికారులు అడుగుతారు. ఆ గీత దగ్గరికి ఎవరు ఎంత దూరం నుంచి నడిచి వస్తున్నారన్నది కూడా లెక్కలోకి రావాలని ఈ వ్యాసం వాదన.

2006 నవంబరులో సచార్ కమిటీ ఇచ్చిన నివేదికను మన పాఠకులు మరచిపోయి ఉండరు. దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదువుతున్న ప్రతి 25 మందిలో ఒక్కరు, పీజీ చదువుతున్న ప్రతి 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని ఆ కమిటీ తేల్చింది. డిగ్రీ మెట్టు నుంచి పీజీ మెట్టుకు ఎక్కేసరికి మన వాటా సగానికి సగం పడిపోయిందన్నమాట. ఆ మరుసటి ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 4 శాతం రిజర్వేషన్, ఆ రోజుల్లోనే మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ కలిసి కర్నూలు, కడప జిల్లాల్లో ఎన్నో ఇళ్ళకు కళాశాల గడపను చూపించాయి. 2011 జనగణన ప్రకారం ఈ రెండు జిల్లాల జనాభాలో దాదాపు ఆరింట ఒక వంతు ముస్లింలే. కర్నూలులో ఉస్మానియా కళాశాలను నెలకొల్పిన డాక్టర్ అబ్దుల్ హక్ పేరిట 2016లో ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ఏర్పడింది. రాయలసీమ విశ్వవిద్యాలయం, యోగి వేమన విశ్వవిద్యాలయం అంతకు ముందు నుంచే ఉన్నాయి. ఇన్ని అడ్డంకులు దాటి పీజీ దాకా వచ్చిన విద్యార్థి హాజరు పట్టీ దగ్గర జారిపోతే నష్టం ఆ ఒక్కరితో ఆగదు. ఆ ఇంట్లో తరువాతి పిల్లకు పీజీ అన్న ఊసే ఉండదు.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. హాజరు నిబంధనను ఎత్తివేయమని మనం అడగరాదు. తరగతికి వెళ్ళకుండా ఎం.ఎస్సీ. ప్రయోగశాల పని ఎవరికీ అబ్బదు. తోటివారితో వాదించకుండా ఎం.ఏ. చరిత్ర గానీ అర్థశాస్త్రం గానీ మనసుకెక్కదు. పైగా హాజరును గాలికి వదిలిన చోట ఏం జరుగుతుందో రాయలసీమకు బాగా తెలుసు. బీఎడ్, పీజీ ప్రవేశాల కాలంలో వినిపించే ‘నాన్ అటెండింగ్’ అన్న మాటకు అర్థం ఇక్కడ ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. డబ్బు కట్టినవారికి కూర్చున్న చోటికే హాజరు నడిచి వస్తుంది. కట్టలేనివారికి వేలిముద్ర యంత్రం ఎదురు చూస్తుంది. నిబంధన కఠినంగా ఉన్నది పేదవారి పట్లే.

మన ఇళ్ళలోనూ ఒక అలవాటు ఉంది. ‘పరీక్షలకు వెళ్తే చాలదా, రోజూ ఎందుకు’ అని ఆడపిల్లలను ఆపే పెద్దలు తక్కువేమీ లేరు. ఎం.ఏ. మొదటి సంవత్సరంలో నిఖా జరిపించి, రెండో సంవత్సరం సంగతి అత్తవారికి వదిలేసే కుటుంబాలూ ఉన్నాయి. అటువంటి ఇంటి ఆడపిల్లకు 75 శాతం నిబంధన ఒక్కోసారి అండగా నిలుస్తుంది. ‘వెళ్ళకపోతే పరీక్ష రాయనివ్వరు’ అన్నది ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక్క వాదన. హాజరును పూర్తిగా ఐచ్ఛికం చేయమని కోరే మిత్రులు ఈ కోణాన్ని పట్టించుకోవడం లేదు.

ఇక దూరం సంగతి. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు కళాశాలల్లోని పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను ఆపింది. అంతవరకు ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో ఇంటి నుంచి వెళ్ళి చదువుకోగలిగిన పేద విద్యార్థికి విశ్వవిద్యాలయ ప్రాంగణం తప్ప వేరే దారి లేకుండా పోయింది. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. రాయచోటి నుంచి గానీ ప్రొద్దుటూరు నుంచి గానీ కడపకు 50 కిలోమీటర్ల పైమాటే. హాస్టల్‌లో చోటు దొరకనివారు రోజూ బస్సులో రావాలి. పగలంతా తరగతిలో ఉంటే రాత్రి దుకాణంలో లెక్కలు రాసే పని సాగదు. తండ్రి కువైట్‌లో ఉండి, తల్లికి ఆసుపత్రి అవసరం వస్తే తోడు వెళ్ళాల్సింది ఆ పీజీ చదివే కొడుకో కూతురో. మిరప కోతల కాలంలో పడమటి కర్నూలు పల్లెలు గుంటూరు వైపు కదిలిపోయినప్పుడు ఇల్లు, ముసలివాళ్ళు, చిన్నపిల్లలు ఎవరికి మిగులుతారో వేరే చెప్పాలా? ఈ కష్టాలు ముస్లింలకు మాత్రమే పరిమితం కావు. దళిత, బోయ, కురువ విద్యార్థులూ ఇదే బస్సులో నిలబడి వస్తున్నారు.

అయినా మనకు మాత్రమే తగిలే ముల్లు ఒకటుంది. నాలుగు క్రెడిట్ల పేపరుకు వారానికి నాలుగు తరగతులు, 15 వారాలకు 60. 75 శాతం అంటే 45. మానుకోవడానికి వెసులుబాటు 15 తరగతులు. ఆ నాలుగింటిలో ఒకటి శుక్రవారం మధ్యాహ్నం జుమా వేళకు పడిందనుకోండి. వారం వారం నమాజ్‌కు వెళ్ళే విద్యార్థికి 15 తరగతులూ అక్కడే అయిపోతాయి. ఇక ఒక్క రోజు జ్వరం వచ్చినా ఆ పేపరులో అతడు గీత కిందికి పోతాడు. టైంటేబుల్ వేసేవారు శుక్రవారం ఒంటి గంట నుంచి రెండున్నర దాకా ఖాళీ ఉంచి, ఆ తరగతిని ఉదయానికో సాయంత్రానికో జరిపితే ఎవరికీ పైసా ఖర్చు లేదు. రంజాన్ మాసంలో ముస్లిం ఉద్యోగులు గంట ముందుగా ఇంటికి వెళ్ళడానికి ప్రభుత్వం ఏటా ఉత్తర్వు ఇస్తూనే ఉంది. ఉపవాసం ఉన్న అధ్యాపకుడికి దొరికే గంట, ఆయన ఎదురుగా ఉపవాసంతో కూర్చున్న విద్యార్థికి ఎందుకు దొరకదు?

అన్నిటికన్నా బరువైనది తల్లులైన విద్యార్థినుల సమస్య. పీజీ వయసు అంటే 21 మొదలు 24 దాకా. మన సమాజంలో చాలామందికి పెళ్ళి, తొలి కాన్పు పడేది అప్పుడే. డిగ్రీ, పీజీ చదివే స్త్రీలకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు కల్పిస్తూ నియమాలు రూపొందించుకోవాలని 2021 డిసెంబరులోనే యూజీసీ విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. 2023 మేలో ఢిల్లీ హైకోర్టు ముందుకు మీరట్ చౌధరి చరణ్ సింగ్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎడ్. చదివే ఒక తల్లి వచ్చింది. ప్రసూతి కోసం 59 రోజుల సెలవు ఇప్పించమన్నది ఆమె మొర. చదువుకునే హక్కుకూ మాతృత్వానికీ మధ్య ఏదో ఒకటి ఎంచుకోమని స్త్రీని నిర్బంధించరాదని న్యాయస్థానం చెప్పింది. కాన్పును ‘వైద్య కారణం’ కింద చేర్చి, రుసుము వసూలు చేసి 65 శాతం దాకా మన్నించడం ఈ తీర్పు ముందు నిలబడే పద్ధతి కాదు.

హాజరు అన్నది ఒకవైపే లెక్కించడం మరో విడ్డూరం. 2023లో ప్రభుత్వం 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టుల భర్తీకి ప్రకటన వెలువరించింది. ఆ ప్రక్రియ వ్యాజ్యాల్లో చిక్కుకుంది. అన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నచోట టైంటేబుల్‌లో ఉన్న తరగతులన్నీ జరుగుతాయని నమ్మడం కష్టం. విద్యార్థి వచ్చి కూర్చున్నా పాఠం జరగని గంటలను ఎవరు లెక్కిస్తున్నారు? ఏ నెలలో ఎన్ని తరగతులు జరగాల్సి ఉండగా ఎన్ని జరిగాయో విద్యార్థి హాజరు పక్కనే ప్రకటించాలి.

ఉపకార వేతనాన్ని కూడా ఇదే 75 శాతానికి ముడివేయడంతో దెబ్బ రెండింతలవుతోంది. పథకాల పేర్లు ప్రభుత్వాలతో పాటు మారాయి, ముడి మారలేదు. బస్సు ఛార్జీకి డబ్బులేక తరగతి మానిన విద్యార్థికి, తరగతి మానినందుకు ఆ డబ్బు కూడా ఆగిపోతుంది. సొమ్ము దుర్వినియోగం అరికట్టాలంటే తనిఖీ చేయవలసింది బోగస్ ప్రవేశాలు చూపే యాజమాన్యాలను.

ఇంతకన్నా మెరుగైన పద్ధతి సాధ్యమేనని చెప్పడానికి 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. 2016లో హాజరు చాలక పరీక్షకు దూరమై ఒక న్యాయవిద్యార్థి ప్రాణం తీసుకున్న ఉదంతం మీద సాగిన విచారణ అది. హాజరు తక్కువైందన్న ఒక్క కారణంతో ఏ లా విద్యార్థినీ పరీక్ష రాయకుండా ఆపరాదని, వారం వారం హాజరు వివరం విద్యార్థికి తెలపాలని, వెనకబడినవారికి అదనపు తరగతులు పెట్టాలని, అప్పటికీ తగ్గితే స్వల్పంగా మార్కులు కోయవచ్చని ధర్మాసనం నిర్దేశించింది. ఆ తీర్పు లా కళాశాలల గురించి ఇచ్చింది. అందులోని వివేకం ఎం.ఏ., ఎం.ఎస్సీ. విభాగాలకు ఎందుకు పనికిరాదో మన ఉపకులపతులు చెప్పాలి.

ఈ పనుల్లో ఎక్కువ భాగానికి కొత్త చట్టం అవసరం లేదు. శుక్రవారం వేళను విభాగాధిపతి సర్దగలరు. ప్రసూతి నియమాన్ని విశ్వవిద్యాలయ పాలకమండలి ఒక్క సమావేశంలో ఆమోదించగలదు. కర్నూలు, కడపల్లోని మైనారిటీ విద్యార్థి సంఘాలు మొదట చేయవలసింది 2021 నాటి యూజీసీ లేఖపై తమ విశ్వవిద్యాలయం ఏ నిర్ణయం తీసుకుందో, గత మూడేళ్ళలో హాజరు కారణంగా పరీక్షకు దూరమైన పీజీ విద్యార్థులు ఎందరో, వారిలో స్త్రీలెందరో, మైనారిటీలెందరో సమాచార హక్కు చట్టం కింద అడగడం. దరఖాస్తుకు పది రూపాయలు, జవాబుకు 30 రోజులు. ఆ జవాబులు చేతికొచ్చాక ఉపకులపతి వద్దకు వెళ్ళేటప్పుడు బస్సులో తమతో నిలబడి వచ్చే మిగతా విద్యార్థులను కూడా వెంట తీసుకువెళ్ళాలి.