పదివేల అడుగులూ పది సిగరెట్లూ

మాదాపూర్‌లో ఒక టీ కొట్టు, పొద్దున పదకొండు గంటలు. ఎదురుగా ఉన్న అద్దాల మేడలోంచి మెడలో ఐడీ కార్డులతో ఉద్యోగులు గుంపులుగా దిగి వస్తుంటారు. కొట్టు ముందున్న గుంజకి నైలాను తాడుతో కట్టిన లైటరు వేలాడుతుంటుంది, ఎవరూ పొరపాటున జేబులో వేసుకుని పోకుండా. వచ్చినవాళ్లలో నలభైకి దగ్గరపడుతున్న ఒకాయన "అన్నా, ఒక చాయ్, ఒక సిగరెట్" అంటాడు. తాడు లాక్కుని ముట్టిస్తాడు. మొదటి దమ్ము వదిలాక ఎడమ చెయ్యి తిప్పి వాచీ చూసుకుంటాడు. టైము కోసం కాదు, అడుగుల కోసం. లిఫ్టు దిగి, గేటు దాటి, రోడ్డు దాటి సిగరెట్టు దాకా నడిచిన 400 అడుగులూ అందులో జమపడ్డాయి.

ఆయన ఆరోగ్యం పట్టని మనిషేం కాదు. పొద్దున మొలకలు, రాత్రి రెండు జొన్నరొట్టెలు, వారానికి మూడు రోజులు జిమ్ము, ఏడాదికోసారి ఫుల్ బాడీ చెకప్. "సిగరెట్ ఒక్కటే కదన్నా, మిగతావన్నీ కరెక్టే" అని పక్కవాడితో అంటున్నాడు.

పేచీ అంతా ఆ 'మిగతావన్నీ' దగ్గరే ఉంది.

పొగతాగేవాళ్లలో చాలామంది మనసులో ఒక పద్దు పుస్తకం నడుస్తుంటుంది. ఇటు నాలుగు సిగరెట్లు ఖర్చు రాస్తే, అటు ఒక ఉసిరికాయ రసం, అరగంట నడక జమ రాస్తారు. ఈ పుస్తకం సంగతి బజారుకి బాగా తెలుసు. అందుకే ఊపిరితిత్తుల్ని కడిగేస్తామనే పొడులూ కషాయాలూ అమ్ముడుపోతున్నాయి. అల్లం, పసుపు, తేనె కలిపి వారం తాగితే పాతికేళ్ల పొగ దిగిపోతుందని చెప్పే వీడియోలు వాట్సాప్‌లో ఇంటింటికీ తిరుగుతున్నాయి. అల్లం టీ తాగితే గొంతుకి హాయిగా ఉంటుంది, అభ్యంతరం లేదు. కానీ ఊపిరితిత్తుల లోపలి గోడకి పట్టిన తారుని పొట్టలోకి వెళ్లిన కషాయం ఎలా కడుగుతుందో ఆ వీడియోల్లో ఒక్కరూ చెప్పరు.

పనిచెయ్యకపోతే పోనీ, డబ్బేగా పోయిందనుకోవచ్చు. పోయేది డబ్బొక్కటే కాదని తైవాన్ పరిశోధకులు 2011లో చూపించారు. రోజూ సిగరెట్ తాగేవాళ్లని రెండు జట్లుగా చేసి అందరికీ ఒకే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఒక జట్టుకి అది ఉత్తుత్తిదేనని నిజం చెప్పారు, రెండో జట్టుకి విటమిన్ మాత్ర అని చెప్పారు. తర్వాత ఏదో ప్రశ్నపత్రం నింపమని కూర్చోబెట్టి, కావాలంటే సిగరెట్ కాల్చుకోవచ్చన్నారు. విటమిన్ వేసుకున్నామనుకున్న జట్టే ఎక్కువ కాల్చింది. ఒంటికి మంచి చేశామన్న ధీమా మరో సిగరెట్టుకి చీటీ రాసిచ్చిందన్నమాట.

మాత్ర నిజంగా విటమినే అయితే? దానికి సమాధానం ఇంకా చేదుగా ఉంటుంది. కూరగాయలు, పళ్లు బాగా తినేవాళ్లకి ఊపిరితిత్తుల కేన్సర్ తక్కువగా కనిపిస్తోందని, అందులో మేలు చేసేది బీటా కెరోటిన్ అయి ఉండొచ్చని 1980లలో శాస్త్రవేత్తలు గట్టిగా ఆశపడ్డారు. ఫిన్లండ్‌లో 50 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్న 29,133 మంది పొగతాగే మగవాళ్లమీద ఏళ్ల తరబడి పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువగా తేలింది. అమెరికాలో అప్పటికే ఇలాంటి అధ్యయనం మరొకటి నడుస్తోంది. దాని పొట్టి పేరు విచిత్రంగా 'కేరెట్'. అక్కడా మాత్రలు వేసుకున్నవాళ్లలో 28 శాతం ఎక్కువ కేసులు కనిపించడంతో 1996లో మధ్యలోనే మాత్రలు ఆపేశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెతకి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ దొరకదు. కూరలో వేసుకునే కేరెట్‌కి ఈ పాపం అంటదు. గుప్పెడు మోతాదుని ఒక్క మాత్రలో కుక్కి పొగతాగే మనిషికి రోజూ ఇవ్వడమే తంటా తెచ్చింది. మందుల దుకాణంలో మల్టీవిటమిన్ సీసా కొనేటప్పుడు, వెనకాల సన్నక్షరాల్లో బీటా కెరోటిన్ ఎంత ఉందో పొగతాగేవాళ్లు చదువుకోవడం మంచిది.

ఇంకో జమ పద్దు 'తగ్గించేశాను' అనేది. రోజుకి 20 నుంచి రెండుకి దిగిన మనిషి, ముప్పు కూడా పదో వంతుకి దిగిందనే అనుకుంటాడు. కేన్సర్ విషయంలో ఆ ఆశకి కొంత ఆధారం ఉంది. గుండె దగ్గర లెక్క వేరు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధన 141 అధ్యయనాల్ని కలిపి చూసింది. రోజుకి 20 కాల్చే మగవాడికి గుండెజబ్బు ముప్పు ఎంత అదనంగా ఉంటుందో, రోజుకి ఒక్కటి కాల్చేవాడికీ అందులో దాదాపు సగం ఉంటుందని తేలింది. ఇక ఫుల్ బాడీ చెకప్‌లో ఛాతీ ఎక్స్‌రే బాగుందంటే ఆ రోజు తీసిన బొమ్మలో పెద్ద మచ్చ కనపడలేదని మాత్రమే. ఆ కాగితాన్ని మరో ఏడాదికి లైసెన్సులా మడిచి పర్సులో పెట్టుకునేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు.

అయితే నడక, పళ్లు, నిద్ర, ఇవన్నీ వృథా అనెయ్యాలా? అక్కర్లేదు. వాటిని పరిహారంగా వాడితే దండగ, మానడానికి వాడితే బ్రహ్మాండమైన పనిముట్లు. మన దగ్గర పత్రికల ఆరోగ్య పేజీల్లో, కార్పొరేట్ వెల్‌నెస్ క్యాంపుల్లో ఈ తేడా ఎవరూ చెప్పడం లేదు. 'పొగ మానండి' అని ఒక వాక్యం, 'యోగా చెయ్యండి' అని ఒక వాక్యం, రెంటికీ సంబంధం లేకుండా పక్కపక్కన పడి ఉంటాయి.

చాయ్ సంగతే చూడండి. తెలుగువాడి సిగరెట్టుకి పెద్ద తోడు చాయే. ఒకటి చేతిలో ఉంటే రెండోది గుర్తొస్తుంది. ఇందులో అలవాటు ఒక్కటే కాదు, కాలేయం పాత్ర కూడా ఉంది. పొగలోని తారు, కెఫీన్‌ని విరగ్గొట్టే ఎంజైముని ఉరుకులు పెట్టిస్తుంది. అందుకే పొగతాగేవాళ్లు నాలుగైదు కప్పులు తాగినా నిద్రకి ఢోకా ఉండదు. సిగరెట్ మానేసిన కొద్ది రోజుల్లోనే ఆ ఎంజైము నెమ్మదిస్తుంది. అవే నాలుగు కప్పుల కెఫీన్ ఇప్పుడు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది, రక్తంలో దాని మోతాదు రెట్టింపు దాకా పెరగొచ్చు. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, రాత్రి పక్కమీద దొర్లడమే. పాపం మనిషి అదంతా సిగరెట్ లేకపోబట్టేననుకుని మర్నాడు మళ్లీ కొట్టు దగ్గరికి వెళ్తాడు. మానే వారంలో చాయ్ సగానికి తగ్గించమని ముందే ఒక మాట చెప్పి ఉంటే ఆ ప్రయత్నం నిలబడేదేమో. ఇంత చిన్న సంగతి ఎంతమందికి తెలుసు?

నోటి రుచికీ ఇందులో పాత్ర ఉంది. కాఫీ, మద్యం, మాంసం తర్వాత సిగరెట్ రుచిగా ఉంటుందని, పాలు, మంచినీళ్లు, పళ్లు, కూరగాయల తర్వాత ఆ రుచి పాడవుతుందని పొగతాగేవాళ్లే అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులకి 2007లో చెప్పారు. ఆదివారం బిర్యానీ అయ్యాక చెయ్యి ఎటు వెళ్తుందో ఎవరికి వాళ్లకి తెలిసిందే. భోజనం చివర్లో మజ్జిగన్నం, ఒక జామకాయ ముక్క, నాలుగు సోంపు గింజలు వేసుకుంటే చెయ్యి మరో దారి పడుతుంది. సోంపు పేరుతో జర్దా కిళ్లీకి మారితే మాత్రం పెనంమీంచి పొయ్యిలో పడ్డట్టే.

పరుగులాంటి నడకకీ అసలు ఉపయోగం ఇక్కడే ఉంది. సిగరెట్ యావ తన్నుకొచ్చినప్పుడు అయిదు, పది నిమిషాలు వడివడిగా నడిస్తే యావ తగ్గుతుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఆ యావ కూడా గంటల తరబడి ఉండేది కాదు, కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. మాదాపూర్ పెద్దమనిషి 400 అడుగులు కొట్టు దాకా కాకుండా, అవే అడుగులు ఆఫీసు మేడ చుట్టూ వేస్తే చాలు. వాచీకి తేడా తెలియదు.

ఇక ఎవరూ పైకి చెప్పుకోని సమస్య. "సిగరెట్ పడందే మోషన్ అవదు" అనే మాట మన ఇళ్లలో నవ్వులాటగా వినపడుతుంది. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది కాబట్టి మానేసిన కొత్తల్లో కొంతమందికి నిజంగానే మలబద్ధకం వస్తుంది. నోట్లో పుళ్లు కూడా వస్తాయి. కొందరికి దగ్గు పెరుగుతుంది. పొగకి చచ్చుబడిన శ్వాసనాళాల సన్నటి వెంట్రుకలు మళ్లీ కదలడం మొదలుపెట్టి, పేరుకున్న కఫాన్ని పైకి నెట్టడం వల్ల వచ్చే దగ్గు అది. అంటే బాగుపడుతున్న గుర్తు. "మానేస్తే దగ్గు ఎక్కువైంది, నాకు ఒంటికి పడలేదు" అని తిరిగి మొదలుపెట్టిన పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనపడతారు. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లు, జామ, బొప్పాయి, పీచున్న కూరలు, కాస్త ఓపిక, ఇవే ఈ కొన్ని వారాలూ ఉపయోగపడే అలవాట్లు. బరువు సగటున నాలుగైదు కిలోలు పెరగడం కూడా నిజమే, దాచిపెట్టి లాభం లేదు. జిమ్ము సభ్యత్వం అప్పుడు వాడుకోవచ్చు.

నికోటిన్ గమ్ నమిలి "పనిచెయ్యలేదు" అనేవాళ్లలో చాలామంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలినవాళ్లే. నెమ్మదిగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టి ఊరుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. చాయ్, కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే నోటిలోని పులుపు నికోటిన్‌ని లోపలికి పోనివ్వదు, పావుగంట ఆగాలి. 2 మిల్లీగ్రాముల గమ్ మందుల దుకాణంలో చీటీ లేకుండానే దొరుకుతుంది. వాడే పద్ధతి మాత్రం దుకాణంలో ఎవరూ చెప్పరు.

ఇదంతా సిగరెట్ కొనగలిగినవాళ్ల కథ. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో సిగరెట్టుకంటే బీడీ తాగేవాళ్లే ఎక్కువ. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో బీడీలు చుట్టే చేతుల పక్కనే వాటిని తాగే నోళ్లూ ఉన్నాయి. "తునికాకే కదా" అనేది అక్కడి ధీమా. లాగకపోతే బీడీ ఆరిపోతుంది. అందుకే మనిషి మాటిమాటికీ, గట్టిగా లాగుతాడు, తారు కూడా ఆ మేరకు లోపలికి పోతుంది. శ్రీకాకుళం తీరంలో అయితే చుట్టని మండే కొస నోట్లో పెట్టుకుని తాగే 'అడ్డపొగ' ఉంది, ఎక్కువగా ఆడవాళ్లలో. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, పని చేసే చేతులకి అడ్డం ఉండదు. ఆ వేడి అంగిలికి తగులుతుంది. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం పరిశోధకులు ఆంధ్రాలో 10,169 మంది పల్లెజనం నోళ్లు తెరిపించి అంగిళ్లు చూశారు. ఆ తర్వాతి ఏళ్లలో పొగాకు వాడే 36,000 మందికి ఎదురెదురుగా కూర్చుని చెప్పి చూసే ప్రయత్నం జరిగింది, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్‌తోపాటు శ్రీకాకుళంలోనూ. 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం చూస్తే, మాట పనిచేసింది. చెప్పించుకున్నవాళ్లలో మానినవాళ్లు ఎక్కువ, నోట్లో తెల్లమచ్చలు తక్కువ. అడ్డపొగ తాగే అమ్మకి గ్రీన్ టీ, అడుగుల వాచీ తెలియవు. ఎదుట కూర్చుని ఒక మాట చెప్పే మనిషి కావాలి.

ఆ మాటే మన దగ్గర కరువు. అదే 2016-17 సర్వేలో పొగతాగేవాళ్లలో 55 శాతం మంది మానాలని ఉందన్నారు. ఆ ఏడాదిలో డాక్టర్ దగ్గరికి వెళ్లిన పొగరాయుళ్లలో మానమని సలహా విన్నవాళ్లు సగం కంటే తక్కువ. ఇంట్లో వినపడేవి తిట్లు, ఆఫీసులో వినపడేది యోగా దినోత్సవం ప్రకటన. సిబ్బంది ఆరోగ్యం పేరుతో జిమ్ములకి డబ్బు కట్టే కంపెనీలు నెలరోజుల నికోటిన్ గమ్‌కి, నాలుగు కౌన్సెలింగ్ సెషన్లకి ఎందుకు కట్టవు? బ్రిటన్ డాక్టర్లని 1951 నుంచి యాభై ఏళ్లు వెంబడించిన అధ్యయనం ప్రకారం, 40 ఏళ్ల వయసులో మానినవాళ్లు పోగొట్టుకోబోయిన పదేళ్ల ఆయుష్షులో తొమ్మిదేళ్లు తిరిగి సంపాదించుకున్నారు, 60లో మానినవాళ్లు కూడా మూడేళ్లు. ఏ జిమ్ సభ్యత్వమూ ఇంత గిట్టుబాటు ఇవ్వదు.

ప్రభుత్వం ఉచిత ఫోన్ నంబరు ఒకటి నడుపుతోంది, 1800-11-2356. ఫోన్ చేసినవాళ్లని మానే తేదీ అడిగి, తర్వాత వాళ్లే తిరిగి ఫోన్ చేసి కనుక్కుంటారు. 2018 సెప్టెంబరు నుంచి ఆ నంబరు ప్రతి సిగరెట్ పెట్టె మీదా అచ్చవుతోంది. చిక్కేమిటంటే మనవాళ్లు పెట్టె కొనరు. ఒకటి, రెండు లూజుగా కొంటారు. బొమ్మ, హెచ్చరిక, నంబరు, అన్నీ కొట్టువాడి అరలోనే ఉండిపోతాయి. మాదాపూర్ కొట్టులో ఆ పెట్టె చక్కెర డబ్బా వెనకాల, అటు తిరిగి ఉంది. కొట్టు ముందు '18 ఏళ్ల లోపు వారికి అమ్మబడదు' అనే బోర్డు పెట్టించే అధికారం ఉన్న శాఖలు, అదే బోర్డు మీద ఆ పది అంకెలు కూడా తెలుగులో పెద్దగా రాయించొచ్చు. లైటర్ తాడు వేలాడే గుంజకే కొట్టాలి దాన్ని. రోజుకి అయిదుసార్లు ఆ పెద్దమనిషి తల వంచేది అక్కడే.