తొట్టి లెక్క వచ్చిన వాళ్లకు పాతర పని ఉంది

బ్రాడీపేట నాలుగో లైనులో సాయంత్రం పూట ఏ కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర నిలబడినా ఒక లెక్క వినపడుతుంది. తొట్టిని ఒక పైపు ఆరు గంటల్లో నింపుతుంది, ఇంకోటి పది గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ తెరిస్తే ఎంతసేపట్లో నిండుతుంది? పదిహేను గంటలని టక్కున చెప్పేవాళ్లు వందల్లో ఉన్నారు. అదే లెక్క పొలంలో రైతుకు చేసిపెట్టేవాళ్లు మాత్రం అరుదు. నోటిఫికేషన్ కోసం చూడండి, తప్పులేదు. చూస్తూనే ఈ రెండో లెక్క కూడా నేర్చుకోండి అంటాను.

ఆ లెక్క సైలోది. సైలో అనగానే పంజాబ్‌లోని మోగాలో ఉన్నలాంటి పెద్ద ఉక్కు గోపురాలే గుర్తొస్తాయి. కానీ పచ్చిమేతను గాలి తగలకుండా తొక్కి, కప్పి, మాగబెట్టే గొయ్యి కూడా సైలోనే. మన భాషలో పాతర. వేసవిలో పచ్చిమేత దొరక్క పాలు తగ్గిపోయే రైతుకు అందులోంచి తీసిన పాతరగడ్డే ఆధారం.

పది గేదెలున్న రైతు ఒకాయన అడిగాడనుకోండి. గేదెకు రోజుకు 20 కిలోలు, 120 రోజులు. అంటే 24 టన్నులు. వృథా కింద 15 శాతం కలిపితే సుమారు 28 టన్నులు. మేతమొక్కజొన్న అయితే దాదాపు రెండెకరాల పంట. బాగా తొక్కిన మేత ఘనపు మీటరుకు 500 కిలోల లెక్కన 56 ఘనపు మీటర్ల చోటు కావాలి.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు చిక్కు ఇక్కడే. నాలుగు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తుతో ఒకటే కడితే పొడవు తొమ్మిదిన్నర మీటర్లలోపే సరిపోతుంది, చూడ్డానికి చౌక. కానీ రోజూ తీసేది 0.4 ఘనపు మీటర్లే కాబట్టి, తెరిచిన ముఖం రోజుకు ఏడు సెంటీమీటర్లు కూడా వెనక్కి జరగదు. మన ఎండలకు ఆ ముఖం వేడెక్కి బూజు పడుతుంది. రోజుకు కనీసం 15 సెంటీమీటర్లు తీయగలగాలి. అందుకే రెండు మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు, 14 మీటర్ల పొడవుతో రెండు కట్టాలి. అప్పుడు రోజుకు 20 సెంటీమీటర్లు తీయొచ్చు. ఒకటి వాడుతుంటే రెండోది మూసే ఉంటుంది. గోడల ఖర్చు కాస్త పెరుగుతుంది, మేత మిగులుతుంది.

తర్వాత నేల చూడాలి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. పునాది, ఆసరా లేకుండా అందులో గోడ లేపితే పగుళ్లు తప్పవు. డెల్టా వైపు నేలలో నీరు పైపైనే ఉంటుంది, అక్కడ గొయ్యి తవ్వకుండా నేలపైనే కట్టాలి. అడుగు వాలుగా ఉండి రసం బయటికి పోవాలి. ఆ రసం పుల్లనిది, సిమెంటును తింటుంది, బావిలో కలిస్తే నీళ్లు పాడవుతాయి. కోసిన మేతను రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి, పొరలు పొరలుగా తొక్కి, ఒకటి రెండు రోజుల్లో మూసెయ్యాలి. నెలన్నర ఆగి తెరవాలి.

ఇందులో ఉద్యోగం ఎక్కడుందంటారా? ఒక్క పాతరతో ఎవరికీ జీతం రాదు. చుట్టుపక్కల ఊళ్లలో పాడి రైతుల్ని పోగుచేసి, కొలతలు వేసి, గడ్డి కోసే యంత్రం అద్దెకు తిప్పగలిగితే అదొక పని అవుతుంది. జాతీయ పశుసంపద మిషన్ కింద సైలేజీ యూనిట్లకు పెట్టుబడిలో 50 శాతం రాయితీ ఉంది, గరిష్ఠంగా 50 లక్షలు. వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధిలో రెండు కోట్ల వరకు రుణానికి ఏటా 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే రాయితీ చూసి కట్టకండి, గేదెల్ని చూసి కట్టండి. మేత లేని చోట కట్టిన పాతర వానాకాలం నీళ్ల తొట్టే.

సివిల్ చదివినవాళ్లకు గోడ తెలుసు, అగ్రికల్చర్ చదివినవాళ్లకు మేత తెలుసు. ఇద్దరూ ఒకే హాస్టల్లో పక్కపక్క గదుల్లో ఉంటారు, ఒకే పరీక్షకు పోటీ పడతారు. కలిసి ఒక్క రైతుకు లెక్క వేసి చూడండి. బాపట్లలో వ్యవసాయ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, వెళ్లి అడగొచ్చు. "మీకున్న రెండు గేదెలకు పాతర అక్కర్లేదండీ" అని రైతుకు చెప్పాల్సి వస్తే అదీ చెప్పండి. ఆ మాట చెప్పినవాణ్ణే వచ్చే ఏడాది పక్క ఊరివాళ్లు పిలుస్తారు.

పరీక్షలో తొట్టి లెక్క తప్పితే పోయేది ఒక మార్కు. ఇక్కడ తప్పితే ఒక కుటుంబం వేసవి పాలడబ్బు పోతుంది. అందుకే ఈ పనికి లెక్క వచ్చినవాళ్లు కావాలి.