సారపాక మిల్లు లెక్క: కర్ర దూరం, అట్ట బరువు

గడచిన రెండు మూడు సంవత్సరాలుగా అట్టల బజారు మందకొడిగాను, కర్ర బజారు చురుకుగాను నడచినవి. మిల్లులకు ఇంతకంటె మింగుడుపడని జోడీ మరొకటి ఉండదు. చైనా, ఇండోనేషియాల నుంచి దిగిన చౌక సరుకు పేపరు బోర్డు ధరలను అణచిపట్టగా, జామాయిలు, సుబాబుల్ కర్రకు ఇతర కర్ర పరిశ్రమలు కూడ పోటీ రావడంతో కొనుగోలు ధర పైకి పోయినది. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం పలు పొరల పేపరు బోర్డుకు టన్నుకు 67,220 రూపాయల కనీస దిగుమతి ధర నిర్ణయించి, దానిని 2026 మార్చి 31 దాకా అమలులో ఉంచుతున్నట్లు ప్రకటించినది. సర్కారు వేసిన గట్టు అది. గట్టు ఎన్నాళ్ళుంటుందో చూసి కాక, గట్టు లేకపోయినా మిల్లు నిలుస్తుందా అన్నది చూసి సరుకు కొనే వ్యాపారికి సారపాక చరిత్ర తిరగవేయడం దండుగ కాదు.

గోదావరికి ఇవతలి ఒడ్డున, భద్రాచలం వంతెన దాటీ దాటకముందే కనిపించే ఊరు సారపాక. వంతెన 1965లో వచ్చినది. ఐ.టి.సి. భద్రాచలం పేపర్ బోర్డ్స్ కంపెనీని 1970 దశకం మధ్యలో నెలకొల్పగా, మిల్లులో ఉత్పత్తి 1979లో మొదలయినది. స్థలం ఎంపికలో తప్పు పట్టవలసినది లేదు. పక్కనే గోదావరి నీరు, కూతవేటు దూరంలో మణుగూరు, కొత్తగూడెం సింగరేణి బొగ్గు, చుట్టూ వెదురు అడవి. రైలు మాత్రం లేదు. "భద్రాచలం రోడ్" అని టిక్కెట్టు కొన్నవాడు దిగేది కొత్తగూడెంలో. అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు రోడ్డు మీదనే రావాలి. అందుచేత ఈ మిల్లు మొదటి రోజు నుంచీ లారీ కిరాయి లెక్క మీద బతికినది.

ఆ లెక్క తొలి సంవత్సరాలలో కుదరలేదు. మిల్లు నష్టాలు చూచినది. పెద్ద మెషిను, పెద్ద అప్పు, పెద్ద వడ్డీ అన్నీ ఒకేసారి నెత్తిన పడినవి. గుజ్జుకు ఆధారం అడవి వెదురు. వెదురు సంగతి ఈ ప్రాంతపు కాంట్రాక్టర్లకు చెప్పనక్కరలేదు. ఒక పొదకు పూత వచ్చినదంటే ఆ ప్రాంతమంతా ఇంచుమించు ఒకేసారి పూస్తుంది, పూసిన పొద ఎండిపోతుంది. మళ్ళీ కోతకు రావడానికి ఏళ్ళు పడుతుంది. పైగా 1980 అటవీ సంరక్షణ చట్టం, దాని వెనుక 1988 జాతీయ అటవీ విధానం వచ్చినవి. అడవి సరుకును పరిశ్రమలకు రాయితీ ధరకు ఇచ్చే పద్ధతి ఆగిపోవాలని, మిల్లులు తమకు కావలసిన కర్రను రైతులతో నేరుగా సంబంధం పెట్టుకొని పెంచుకోవాలని ఆ విధానం స్పష్టంగా చెప్పినది. అంతవరకు అడవే మిల్లుకు గిడ్డంగి. ఆ గిడ్డంగి తాళం చేతి నుంచి జారిపోయినది.

ఇక్కడే అసలు విషయం ఉన్నది. పెరుగుతున్న మిల్లు అనగానే అందరి దృష్టీ మెషిను మీదకు పోతుంది. కాని కాగితపు మిల్లు విషయంలో ముందుగా చూడవలసినది పటం. కర్రను చుట్టుపక్కల నుంచి తెచ్చుకునే మిల్లు తన ఉత్పత్తి శక్తిని రెట్టింపు చేస్తే, కర్ర పండే నేల కూడ రెట్టింపు కావాలి. నేల రెట్టింపయితే సగటు దూరం రమారమి 40 శాతం పెరుగుతుంది. ప్రతి టన్నుకూ ఆ అదనపు కిరాయి పడుతుంది. పచ్చికర్ర బరువులో సగానికి అటూఇటూగా నీరే కాబట్టి, లారీ యజమానికి చెల్లించే కిరాయిలో సగం నీళ్ళు మోసినందుకే. పెద్ద మెషిను వల్ల టన్నుకు మిగిలిన కూలి, కరెంటు ఖర్చు రోడ్డు మీద డీజిలుగా కరిగిపోవచ్చు. చక్కెర మిల్లులకు, పొగాకు కంపెనీలకు ఇది తెలియనిది కాదు. అయితే చెరకు ఏడాది పంట, జామాయిలు నాలుగేళ్ళ పంట. పొరపాటు చేస్తే దిద్దుకోవడానికి అంత కాలం పడుతుంది.

దూరం పెరగకుండా ఉత్పత్తి పెరగాలంటే ఒకటే దారి: అదే ఎకరంలో ఎక్కువ కర్ర. సారపాకలో ఆ పని 1989 ప్రాంతంలో మొదలయినది. విత్తనం మొక్కలలో ఒకటి ఏపుగాను, పక్కది గిడసబారిగాను ఉంటుంది. మేలైన చెట్టును ఎంచి, దాని కొమ్మముక్కలకు వేళ్ళు పుట్టించి, అచ్చంగా ఆ చెట్టువంటి మొక్కలనే తయారు చేస్తే చేను అంతా ఒకే తీరుగా పెరుగుతుంది. వీటినే భద్రాచలం క్లోన్లు అంటున్నారు. రైతులు నర్సరీకి వచ్చి "413 ఇవ్వండి" అని నంబరు చెప్పి అడిగేంతగా ఇవి నాటుకున్నవి. విత్తనం మొక్కల తోటలో హెక్టారుకు ఏడాదికి 6 నుంచి 10 ఘనపు మీటర్ల కర్ర వచ్చే చోట, మంచి యాజమాన్యంలో క్లోన్ల తోట 20 నుంచి 25 దాకా ఇచ్చినది. ఒకసారి నరికిన తరువాత మోడు నుంచి పిలకలు వచ్చి రెండో కోత, మూడో కోత కూడ చేతికి వస్తుంది. పటం మీద చూస్తే దీని అర్థం, మిల్లు తాను కదలకుండా అడవిని దగ్గరకు జరుపుకున్నది.

గమనించవలసినది మరొకటి ఉన్నది. మిల్లు భూములు కొని తోటలు వేయలేదు. మొక్క తయారీ తన చేతిలో ఉంచుకొని, పెంపకం రైతుకు, నరుకుడు, రవాణా కాంట్రాక్టరుకు వదిలిపెట్టినది. భూ పరిమితి చట్టాలున్న దేశంలో వేరే దారి కూడ లేదనుకోండి. అయినా ఏ పని తాను చేయాలి, ఏ పని బజారుకు వదలాలి అన్న విభజన సరిగా కుదిరినది. కొన్ని కంపెనీలు పెరిగేకొద్దీ లారీలు, మరమ్మతు షెడ్లు, క్యాంటీను కూరగాయల తోటతో సహా అన్నీ సొంతంగా పెట్టుకొని, చివరకు దేనిలో లాభమో దేనిలో నష్టమో తెలియక చిక్కుపడినవి.

మిల్లు లోపలి పొదుపు సంగతికి వస్తే, బోర్డు మెషినుకు రెండు శత్రువులు: ఆగడం, రకం మార్చడం. పలచని రకం నుంచి మందపు రకానికి మారినప్పుడల్లా తూకం, తేమ సరిపడేదాకా వచ్చిన అట్ట అమ్మకానికి పనికిరాదు. దానిని తిరిగి గుజ్జు చేయవలసిందే. సరుకు పోదు గాని కరెంటు, ఆవిరి, సమయం పోతాయి. ఒకే మెషిను ఉన్న మిల్లు పది రకాల ఆర్డర్లు తీసుకుంటే వారమంతా మార్పులతోనే సరిపోతుంది. మెషిన్లు పెరిగిన తరువాత ఒక్కొక్క దానికి కొన్ని రకాలు కేటాయించి, రోజుల తరబడి అదే నడిపితే అదే మనుషులతో టన్నులు పెరుగుతాయి. హోల్‌సేల్ వర్తకులు "ఫలానా రకం పది రోజులు ఆగమంటున్నారు" అని విసుక్కోవడం సహజం. కాని ఆ పది రోజుల ఆలస్యంలోనే మిల్లు లాభం ఉన్నది. దాన్ని ముందుగా ఎరిగి స్టాకు పెట్టుకున్న వర్తకుడికీ అందులో వాటా ఉన్నది.

గుజ్జు విషయం ఇంకా ఆసక్తికరం. రసాయనాలతో ఉడికించిన గుజ్జుకు ఎండు కర్రలో సగానికి మించి రాదు. మిగిలినది నల్ల ద్రావకంగా పోయి, బాయిలరులో మండి ఆవిరిని, తిరిగి వాడుకునే సోడాను ఇస్తుంది. యంత్రంతో నలిపి తేలిక రసాయనంతో తెల్లబరచిన గుజ్జులో మాత్రం కర్రలో 85 శాతానికి పైగా నిలుస్తుంది. దీనికి బలం తక్కువ, ఉబ్బు ఎక్కువ. అట్ట పై పొరలకు మొదటిది, నడుమ పొరకు రెండోది వేస్తే అట్ట బిరుసుగా ఉంటుంది, బరువు తగ్గుతుంది. ఈ నడుమ గుజ్జును దేశంలోని మిల్లులు చాలాకాలం దిగుమతి చేసుకున్నవి. సారపాకలో దానికి సొంత ప్లాంటు పెట్టుకున్నారు. తెల్లబరచడంలో క్లోరిన్ వాయువును వదలిపెట్టిన మొదటి మిల్లు కూడ దేశంలో ఇదే. 2002లో ఆ మార్పు జరిగినది. మందుల పెట్టెలు, తినుబండారాల పెట్టెలు చేసే కొనుగోలుదారులు దీనికి విలువ ఇచ్చినారు.

అట్టల వర్తకులు ఇక్కడ ఒక పాత అలవాటు మానుకోవాలి. బజారులో బేరం కిలోల మీద జరుగుతుంది, పెట్టె తయారయ్యేది షీటుతో. అదే బిరుసుకు తేలికయిన అట్ట కిలోకు రెండు రూపాయలు ఎక్కువ పలికినా, టన్నులో పెట్టెలు ఎక్కువ వస్తే కొన్నవాడికే లాభం. దిగుమతి సరుకు చౌక అని కిలో ధర మాత్రం చూసి సంబరపడినవారు పెట్టెల లెక్క కూడ వేసుకున్నారా అన్నది సందేహమే.

2002 మార్చిలో ఈ కంపెనీ ఐ.టి.సి.లో విలీనమై ఒక విభాగంగా మారినది. 2004లో కోయంబత్తూరు దగ్గర ఒక మిల్లును, 2025 మార్చి 31న ఉత్తరాఖండ్ లాల్‌కువాలోని సెంచురీ పల్ప్ అండ్ పేపర్ మిల్లును 3,498 కోట్ల రూపాయలకు కొంటున్నట్లు సంస్థ ప్రకటించినది. ఆ మిల్లు ఉత్పత్తి శక్తి ఏడాదికి 4.8 లక్షల టన్నులు. అన్నీ సారపాకలోనే ఎందుకు పెంచరాదు అని అడిగేవారికి జవాబు పైన చెప్పిన పటంలోనే ఉన్నది. ఒక స్థాయి దాటిన తరువాత కొత్త మెషిను కర్ర ఉన్న మరొక చోటికి పోవడమే మేలు.

ఇదే రాష్ట్రంలో కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లు 2014లో ఆగి, 2018లో జె.కె. పేపర్ చేతికి వచ్చిన తరువాత గాని తిరిగి నడవలేదు. కమలాపురం రేయాన్స్ గుజ్జు మిల్లు కూడ 2014లోనే ఆగినది. ఒక్కొక్కదానికి కారణాలు వేరు. కాని మిల్లు ఆగిన రోజున నిలువు తోట చేతిలో ఉన్న రైతుకు, అడ్వాన్సులు ఇచ్చిన కర్ర వ్యాపారికి ఎదురయిన పరిస్థితి ఒకటే. సుబాబుల్‌ను ఇంకో ఏడాది చేనులో ఉంచవచ్చు గాని, అప్పుల వడ్డీని ఉంచలేరు.

అందువల్ల మిల్లుల పొదుపు ఎవరి ఖర్చుతో జరుగుతున్నదన్నది చూడక తప్పదు. యార్డులో స్టాకు తగ్గించుకోవడం ఈ కాలపు యాజమాన్య పద్ధతులలో గొప్ప సుగుణంగా లెక్క. ఏ మిల్లయినా స్టాకు తగ్గించి గేటు బయట లారీలను వరుసలో నిలిపితే, ఆ స్టాకు ఎక్కడికీ పోలేదు, లారీల మీద ఉన్నది. ఎండకు కర్ర ఆరి తరుగు పడుతుంది, వెయిటింగు కిరాయి పడుతుంది, రెండూ అమ్మేవాడి ఖాతాలోకే. మిల్లు పుస్తకాలలో లాభంగా కనిపించేది మొత్తం వ్యాపారంలో చూస్తే లాభమే కాదు. ఈ సంగతి కాటా దగ్గర నిలబడే బ్రోకరుకు తెలిసినంతగా లెక్కల గదిలో తెలియదు.

కర్ర ధర బాగున్నప్పుడు అందరూ మొక్కలు నాటుతారు. నాలుగేళ్ళకు అన్నీ ఒకేసారి కోతకు వచ్చి ధర పడిపోతుంది. అప్పుడు తోటలు తీసివేసి మిరపో పత్తో వేస్తారు, మరో నాలుగేళ్ళకు మిల్లులు కర్ర కోసం దూరాలు పరుగెత్తుతాయి. ఇప్పటి ఎక్కువ ధరలలో ఈ చక్రం పాత్ర కొంత లేకపోలేదు. దీనికి తోడు ఒకే నంబరు క్లోనును వేల ఎకరాలలో నాటడంలో ఉన్న ప్రమాదం 2000 తరువాతి సంవత్సరాలలో ఆకులకు, కాడలకు బొడిపెలు తెచ్చే పురుగు దక్షిణాదికి వచ్చినప్పుడు అనుభవంలోకి వచ్చినది. నర్సరీలు నాలుగైదు నంబర్లు కలిపి ఇవ్వడం రైతుకు నచ్చకపోయినా, అదే క్షేమం.

మొక్క అమ్మే రోజునే కొనుగోలు ధర కట్టే పద్ధతి కూడ కాగితం మీద పెట్టవచ్చు: అట్ట ధరతో, డీజిలు ధరతో ముడిపెట్టిన ఒక సూత్రం, దానికింద దిగని ఒక కనీస ధర. మిల్లుకు ఏటా ఎంత కర్ర వస్తుందో ముందుగా తెలుస్తుంది, బ్యాంకు రైతుకు అప్పు ఇవ్వడానికి ఆధారం దొరుకుతుంది, వ్యాపారికి నిలువు తోట మీద బేరం చేసేటప్పుడు ఒక కొలత ఉంటుంది. సూత్రం కంటె ముందు తేలవలసినవి చిన్న విషయాలు: తూకం బెరడుతోనా, బెరడు తీసినాకనా, నరికిన ఎన్ని రోజులలోపు కాటా వేయాలి, లారీ గేటు చేరిన గంట నుంచి తరుగు ఎవరిది.