ప్రొటోకాల్... ఓ జిగురు కథ

శిలాఫలకం మీద తన పేరు లేదని ఒక నేత అలుగుతారు. వేదిక మీద తన కుర్చీ వెనక వరసలో వేశారని ఇంకొకరు లేచి వెళ్లిపోతారు. మర్నాడు పేపర్లో హెడ్డింగు... 'ప్రొటోకాల్ రగడ'! తిరుమలకు వెళ్తే 'ప్రొటోకాల్ దర్శనం' అన్న మాట చెవిన పడుతుంది. అందుకే ప్రొటోకాల్ అంటే పెద్దలకు చేసే మర్యాద అనే చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ మాటకు మొదట్లో మర్యాదలతో పనే లేదు.

గ్రీకులో 'ప్రోటోస్' అంటే మొదటిది. 'కొల్లా' అంటే జిగురు. పూర్వం పపైరస్ రేకుల్ని వరసగా అంటించి చుట్టగా చుట్టేవారు. అందులో మొట్టమొదటి రేకే ప్రొటోకాల్. ఏ అధికారి హయాంలో, ఎప్పుడు తయారైందో దాని మీద ఉండేది. దాన్ని చూస్తే దొంగపత్రం ఇట్టే దొరికిపోయేది. అందుకే కాన్‌స్టాంటినోపుల్‌లో దస్తావేజులు రాసేవాళ్లు ఆ రేకును కత్తిరించకూడదని 537లో జస్టీనియన్ చక్రవర్తి చట్టం చేశాడు. మన స్టాంపు పేపరుకు ముత్తాత అన్నమాట!

కాలక్రమంలో రాయబారులు మాట్లాడుకుని రాసుకున్న పత్రానికీ అదే పేరొచ్చింది. యుద్ధంలో విషవాయువులు వాడకూడదన్న 1925 నాటి ఒప్పందం జెనీవా ప్రొటోకాల్. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987 సెప్టెంబరు 16న కుదిరింది మాంట్రియల్ ప్రొటోకాల్. ఏటా అదే రోజున ఓజోన్ దినోత్సవం జరుపుకొంటున్నాం. దేశాల ప్రతినిధులు కలిసేచోట ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పేచీ రాకుండా పెట్టుకున్న పద్ధతులూ ప్రొటోకాలే. కుర్చీల గొడవకు మూలం అదీ.

కంప్యూటర్లకూ ఇలాంటి ఒప్పందం కావాలి. రకరకాల యంత్రాలు ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోవాలంటే అన్నీ ఒకే పద్ధతి పాటించాలి. ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్ 1983 జనవరి 1న అలాగే టీసీపీ/ఐపీకి మారింది. వెబ్ చిరునామా ముందుండే హెచ్‌టీటీపీలో చివరి 'పీ' ప్రొటోకాలే.

ఇక కొత్త మందును మనుషుల మీద పరీక్షించేటప్పుడు... ఎవరికి ఇవ్వాలి, ఎంత మోతాదు, ఫలితాన్ని ఎలా కొలవాలి- అన్నీ ముందే రాసిపెడతారు. అదీ ప్రొటోకాలే. ఫలితం వచ్చాక గుట్టుగా లెక్క మార్చేద్దామంటే ఆ కాగితం పట్టించేస్తుంది, ఆనాటి పపైరస్ రేకులాగే!

ఎక్కడైనా సారం ఒకటే... ముఖపరిచయం లేనివాళ్లు ఒకరినొకరు నమ్మేందుకు ముందే కుదుర్చుకున్న మాట. కుర్చీ దగ్గర అది తప్పితే ఒకరి మనసు నొచ్చుకుంటుంది. మందు దగ్గర తప్పితే ప్రాణాలే పోవచ్చు. ఏ ఉల్లంఘనకు పెద్ద హెడ్డింగు పెట్టాలో మరి?