నీరు చూడకుండా సూదా?

సౌదీలోని హాయిల్ చుట్టుపక్కల గొర్రెలు, ఒంటెలు కాసే మన తెలుగు మనిషికి మోకాలు వాస్తే ఆసుపత్రికి వెళ్ళడానికి దొరికేది మహా అయితే ఒక పూట. మళ్ళీ రాలేడు కనుక ‘ఏదైనా సూది వేసి పంపండి’ అంటాడు. కీలులోకి స్టెరాయిడ్ ఎక్కించడం నిమిషాల పని. రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గుతుంది కూడా. ప్రమాదమంతా ఆ తగ్గడంలోనే ఉంది.

బ్రూసెల్లా అనే క్రిమి వల్ల వచ్చే బ్రూసెల్లోసిస్ సౌదీలో పాతుకుపోయిన జబ్బు. మందల దగ్గర పనిచేసేవారికి, కాచని పాలు తాగేవారికి సోకి, జ్వరం, చెమటలు, కీళ్ళనొప్పులుగా బయటపడుతుంది. అలాంటి కీలులో స్టెరాయిడ్ పడితే పైకి వాపు అణుగుతుంది, లోపల క్రిమికి అడ్డు తొలగుతుంది. చీము పట్టించే మామూలు బ్యాక్టీరియా అయితే రోజుల్లోనే గుజ్జును తినేస్తుంది.

అందుకే వాచిన కీలు నుంచి ముందు నీరు తీసి చూడాలి. మడ్డిగా ఉంటే ఆ పూట స్టెరాయిడ్ మాటే ఎత్తకూడదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కణాల లెక్కకు, కల్చర్‌కు పంపాలి. తెల్లకణాలు మైక్రోలీటరుకు 50,000 దాటితే చీమును గట్టిగా అనుమానిస్తారు. దాటలేదని ఊరుకుంటే బ్రూసెల్లా దగ్గర మోసపోతాం. అందులో లెక్క తక్కువగానే ఉండవచ్చు, కల్చర్‌లోనూ నెమ్మదిగా పెరుగుతుంది. పైగా గాలి ద్వారా ల్యాబ్ సిబ్బందికే అంటుకోగలదు కనుక అనుమానాన్ని చీటీ మీదే రాసి పంపాలి.

స్టెరాయిడ్ చెడ్డదని కాదు. క్రిమి లేదని తేలిన గౌట్ వాపులో దాని మేలు చూడనివారు లేరు. అరిగిన మోకాళ్ళకు మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్ళు వేస్తే మాత్రం, ఉప్పునీటి సూది కంటే నొప్పి ఏమంత తగ్గకపోగా గుజ్జు ఎక్కువ తరిగిందని 2017లో అమెరికాలో వెలువడిన అధ్యయనం తేల్చింది. షుగర్ ఉన్నవారికి స్టెరాయిడ్ సూది తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది. ఆ సంగతి చెప్పి పంపే డాక్టర్లు ఎందరు?

ఇదే మనిషి సెలవు మీద జగిత్యాలకో కడపకో వస్తాడు. ‘గుజ్జు అరిగింది’ అని ఆర్ఎంపీ మరో సూది వేస్తాడు. ముప్పై అయిదేళ్ళవాడికి గుజ్జు అరగడమేమిటని గానీ, అక్కడ ఏం పని చేశావు, ఏ పాలు తాగావు అని గానీ అడిగేవారుండరు. బ్రూసెల్లాకు కనీసం ఆరు వారాలు రెండు రకాల మందులు కలిపి వాడాలి. హాయిల్‌లో తీసిన నీటి రిపోర్టు నకలు అతని చేతికివ్వాలి. దాన్ని అడిగి చూడకుండా ఇక్కడి డాక్టరు సిరంజి పట్టకూడదు.