తువ్వాల విసిరిన తండ్రిదే గెలుపు

అన్నలారా, తమ్ముళ్లారా, ఈ పోస్టు కొంచెం పొడుగుంటది. ఓపిక చేసుకుని చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి, పడతాం.

క్రీడ్ 2 సినిమాని మా క్యాంపులో ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. చూసిన ప్రతివాడిదీ ఒకటే మాట: "కొడుకంటే వాడురా! తండ్రి పగ తీర్చిండు." మా రూములో ఆరుగురం ఉంటాం. ఆరుగురమూ ఆ మాట ఒప్పుకోం. ఎందుకో చెప్తాం.

కథ తెలియనోళ్ల కోసం రెండు ముక్కలు. 1976లో వచ్చిన రాకీలో ఫిలడెల్ఫియా గల్లీ బాక్సర్ రాకీ, చాంపియన్ అపోలో క్రీడ్‌తో తలపడతడు. తర్వాతి భాగాల్లో ఇద్దరూ దోస్తులైతరు. 1985లో వచ్చిన నాలుగో భాగంలో రష్యా బాక్సర్ ఇవాన్ డ్రాగో కొట్టిన దెబ్బలకు అపోలో రింగులోనే పోతడు. ఆ డ్రాగోని రాకీ ఓడిస్తడు. 2015లో ర్యాన్ కూగ్లర్ తీసిన క్రీడ్‌తో కథ అపోలో కొడుకు అడోనిస్ చేతికి వచ్చింది, ముసలి రాకీ వానికి గురువైండు. 2018లో వచ్చిన రెండో భాగంలో డ్రాగో తన కొడుకు విక్టర్‌ని అడోనిస్ మీదికి దింపుతడు.

అందరూ అడోనిస్‌నే చూస్తున్నరు. మేమంటాం, విక్టర్‌ని చూడండి. తండ్రి ఓడిపోయిండు. దేశం మొఖం తిప్పుకుంది, పెండ్లాం వదిలిపోయింది. ఆ ఒక్క ఓటమి కడగడానికే డ్రాగో కొడుకుని పెంచిండు. నీకేం కావాలి బిడ్డా అని ఆ పిల్లగాణ్ణి అడిగినోడు లేడు. అప్పు తండ్రిది, కిస్తీలు కొడుకువి. ఈ లెక్క గల్ఫోళ్లకి విప్పి చెప్పాల్నా?

"మరి అడోనిస్ తండ్రి పేరు నిలబెట్టలేదా?" అంటరు. సినిమా సరిగ్గా చూడండి. మొదటి పోటీకి వాడు తండ్రి పగ కోసమే పోయిండు. వద్దన్న రాకీ మాట వినలే. పక్కటెముకలు విరిగి, కిడ్నీ దెబ్బతిని ఆస్పత్రిలో పడ్డడు. రెండోసారి తాను ఎందుకు కొట్లాడుతున్నడో తెలుసుకుని, పెండ్లాం బిడ్డల్ని తలుచుకుని పోయిండు. అప్పుడు గెలిచిండు. పగ తీర్చుకున్నోడు గెలిచిండని ఆ సినిమాలో ఎక్కడుంది?

ఇక అసలు సంగతి. బాక్సింగులో మన మనిషి తట్టుకోలేకపోతుంటే మూలన ఉన్నోడు రింగులోకి తువ్వాల విసురుతడు. ఓటమి ఒప్పుకున్నట్టు, ఆట ఆపినట్టు. 1985 సినిమాలో "ఏమైనా సరే ఆపొద్దు" అని అపోలో అన్నడని, రాకీ తువ్వాల చేతిలో పట్టుకుని కూడా విసరలే. మనిషి పోయిండు. 2018లో మాస్కోలో విక్టర్ పడుతున్నడు, లేస్తున్నడు. చూడ వచ్చిన తల్లి మధ్యలోనే లేచి పోయింది. కొడుకు మాత్రం ఆగడు. అప్పుడు డ్రాగో తువ్వాల విసిరిండు. రాయిలాంటి ఆ మనిషి తన పరువు కింద పడేసి కొడుకుని లేపుకున్నడు. బెల్టు అడోనిస్ దగ్గరే ఉండిపోయింది, కొడుకు దక్కిండు. మా లెక్కల ఆ సినిమాలో పెద్ద గెలుపు అదే.

ఇప్పుడు మన దగ్గరికి రండి. సైటు మీద మనుషుల్ని నడిపే పని మాది. "మోకాళ్లు అరిగినయ్ సార్, నా జాగల మావాణ్ణి పెట్టుకోండి" అనే తండ్రులు ఎంతమందో! పాత ఏజెంటు అప్పు తీరలే, వడ్డీ ఆగలే, కొడుకు పేరు మీద కొత్త వీసా, దానికి మళ్లీ అప్పు. తండ్రి నలభై ఐదు డిగ్రీల ఎండలో కట్టిన ఇనుమే కొడుకూ కట్టాలె. దీన్ని ఊళ్లో "కొడుకు ఆసరా అయిండు" అని మెచ్చుకుంటరు. మేము మెచ్చుకోం. అది వారసత్వం కాదు, బాకీ బదిలీ.

గల్ఫ్‌కి రావొద్దని మేమనం. మేము తినేది ఈ కూడే. వస్తే తన ఇష్టంతో రావాలె. కరెంటు పనో, క్రేను పనో చేతిలో పట్టుకుని, కాగితం చదువుకుని సంతకం పెట్టి రావాలె. తండ్రి ఓడిన రౌండు పూర్తి చేయడానికి రావొద్దు.

బాక్సింగ్ మాట వచ్చింది కాబట్టి మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌ని చూడండి. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. వాళ్ల నాన్న సౌదీలో ఏళ్ల తరబడి సేల్స్ పని చేసిన మనిషే. బిడ్డల చదువు కోసం, ఆట కోసం తిరిగొచ్చి పక్కన నిలబడ్డడు. పాత బాకీ ఏదీ బిడ్డ నెత్తిన పెట్టలే. ఆ పంచులు ఆమె సొంతం.

అన్నా, ఏజెంటుకి ఫోన్ చేసే ముందు ఆ చివరి రౌండు ఇంకోసారి చూడు. తువ్వాల నీ భుజం మీదనే ఉంది.