దారి నాలుగడుగులు చాలు

ఫోన్‌లో ‘గార్డెన్ పాత్’ అని కొట్టి చూడండి. పచ్చటి లాన్, దాని మధ్యలో మెలికలు తిరిగే రాతి దారి, అటూ ఇటూ పూలు, చివర్లో ఒక బెంచీ. సేవ్ చేసి పెట్టుకోవడానికి భలే ఉంటాయి. కానీ ఆ ఫొటోల్లో ఒకటి మాత్రం ఎప్పుడూ కనిపించదు. ఆ దారిలో రోజూ నడిచే మనిషి!

మాది విడపనకల్లు. అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దు పక్కన, బళ్లారికి దగ్గర్లో ఉంటుంది. కన్నడంలో ‘కల్లు’ అంటే రాయి. ఊరి పేరు చివర రాయి ఉంది కానీ మా పెరట్లో నేల మాత్రం నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. నాలుగు చినుకులు పడితే చెప్పు కింద ఇంకో చెప్పు తయారవుతుంది. ఇలాంటి నేలలో, ఇలాంటి కరువు సీమలో దారి వేయాలంటే ఆ ఫొటోలు పనికిరావు. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మా ఇంట్లో వేయించాను. ఆ లెక్కలు మీకూ పనికొస్తాయని రాస్తున్నా.

ఇంతకీ దారి ఎవరికి?

మా సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏ పని మొదలుపెట్టినా అడిగే మొదటి ప్రశ్న: దీన్ని వాడేది ఎవరు? మా పెరటి దారికి జవాబు మా అవ్వ. వంటింటి వెనక తలుపు నుంచి పెరటి చివరి బాత్‌రూమ్ దాకా 40 అడుగులు. మామూలు రోజుల్లో కట్టె ఊతంగా పట్టుకుని, ఆగుతూ ఆగుతూ వెళ్తుంది. వాన పడితే ఆ 40 అడుగులూ ఆమెకు ఏరు దాటినంత పని.

పోయిన వానాకాలం నేను ఇంటి నుంచే పని చేస్తున్నప్పుడు ఒకటి గమనించాను. వాన పడిన రోజుల్లో అవ్వ చెంబు దగ్గర పెట్టుకుంటుంది కానీ తాగదు. ఎందుకని అడిగితే, ‘నీళ్లు తాగితే మళ్లా లేసి పోవల్ల గదరా’ అంది. జారి పడతానన్న భయంతో ఒక ముసలామె దాహాన్ని ఆపుకుంటోందన్నమాట. అప్పటిదాకా పెరటి బురద నాకు చెప్పులు పాడుచేసే వ్యవహారం. ఆ మాట విన్నాక అది ఆరోగ్యం లెక్కలోకి వచ్చింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి మాట ఎవరి నోటో దాగి ఉంటుంది. టేపు పట్టుకునే ముందు ఒకసారి అడగండి.

అంతా గచ్చు చేస్తే పోదా?

మా నాన్న మొదట చెప్పిన పరిష్కారం ఇదే. ‘పెరడంతా సిమెంటు గచ్చు చేపిస్తే సరిపాయె. బురద ఉండదు, ఊడ్చేదీ సులువు.’ మా వీధిలో చాలా ఇళ్లవాళ్లు అదే చేశారు. తీసిపారేయాల్సిన మాట కాదు. అందుకే వాదించకుండా లెక్క వేశాను.

చదరపు మీటరు జాగాలో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా పెరడు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. అంటే 1200 చదరపు అడుగులు, సుమారు 111 చదరపు మీటర్లు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్లు అనుకుందాం. గుణిస్తే 61 వేల లీటర్లు. మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు 61!

ఇదంతా బోరులోకి దిగుతుందని నేను చెప్పను. కొంత ఆవిరైపోతుంది. తడిసి ఉబ్బిన నల్లరేగడి నీటిని నెమ్మదిగానే లోపలికి తీసుకుంటుంది. కానీ ఒక వేపచెట్టు, ఒక కరివేపాకు, ఒక నిమ్మ, అవ్వ పెంచుకునే కనకాంబరాలు బతికేది ఆ తడి మీదే. గచ్చు చేస్తే ఆ నీళ్లలో ఎక్కువ భాగం వీధి కాలువలోకి పోతుంది. తర్వాత ఎండాకాలంలో అవే చెట్లకు బిందెలతో మనమే మోయాలి.

నాలుగు అడుగుల వెడల్పు దారికి 160 చదరపు అడుగులు చాలు. పెరట్లో ఎనిమిదో వంతు కంటే కాస్త ఎక్కువ. మిగతాదంతా మట్టిగానే ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద చూపిస్తే నాన్న కాసేపు చూసి, ‘బిందెలు మోసేది నేనే గదా’ అని ఒప్పుకున్నాడు.

పాదాలు ముందే గీసిన గీత

దారి ఎటు పోవాలో మనం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. మట్టి నేల మీద ఇంట్లోవాళ్ల పాదాలు ఎప్పుడో గీసి పెట్టాయి. గడ్డి మొలవకుండా గట్టిపడిన సన్నటి జాడ ఉంటుంది. అదే మీ ప్లాను. అందం కోసం మెలికలు తిప్పితే మనుషులు నాలుగు రోజులు దాని మీద నడుస్తారు, ఐదో రోజు అడ్డంగా మట్టిలోంచి పోతారు. పార్కుల్లో, కాలేజీల్లో చూడలేదూ?

మా పెరట్లో ఆ జాడ దాదాపు నేరుగానే ఉంది. వేపచెట్టు దగ్గర మాత్రం కొంచెం పక్కకు తిరుగుతుంది. మేమూ అలాగే తిప్పాం. చెట్టు మొదలుకు నాలుగైదు అడుగుల దూరం వదిలితే పెద్ద వేళ్లు తెగవు, రేపు ఆ వేళ్లు లావై బండల్ని లేపవు.

వెడల్పు ఎంత? కట్టె పట్టుకుని ఒక్కరే నడవడానికి మూడడుగులు చాలు. పక్కన ఇంకొకరు చెయ్యి పట్టుకుని నడిపించాలంటే నాలుగు కావాలి. మేము నాలుగు పెట్టింది అందుకే. జపాన్ తోటల్లో రాయికీ రాయికీ మధ్య ఖాళీ వదిలి, ఒక్కో రాయి మీద అడుగు వేస్తూ పోయే దారులు ఉంటాయి. కిందకి చూసుకుంటూ, నింపాదిగా నడవడానికి అవి బాగుంటాయి. చూపు ఆనని మనిషి రాత్రిపూట నడిచే దారికి మాత్రం అవి వద్దు.

రేగడితో పేచీ

ఇప్పుడు అసలు సమస్య. నల్లరేగడిలో ఉండే బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దాని మీద నేరుగా సిమెంటు పలక పోస్తే ఏడాది తిరిగేలోపు అడ్డదిడ్డంగా పగుళ్లు రావచ్చు. మా మేస్త్రీ ఒక్క ముక్కలో చెప్పాడు: ‘రేగడి ఊరికే ఉండదు సామీ. వానకు పొంగుతాది, ఎండకు కుంగుతాది. దాన్ని పట్టి నిలబెట్టలేం, దాంతోపాటు ఆడనియ్యాల.’

ఈ పొంగు మీద మన దేశంలో పెద్ద పనే జరిగింది. 1970ల్లో ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి నల్లరేగడి మీద ప్రయోగాలు చేశారు. పొంగే మట్టి మీద, పొంగని గుణమున్న మట్టిని తగినంత మందంలో వేసి గట్టిగా దిమ్మిస కొడితే, కింది పొంగు పైకి అంతగా రాదని చూపించారు. నల్లరేగడిలో వెళ్లే కాలువల లైనింగ్ కింద ఈ పద్ధతి వాడతారు. కాలువకు కావాల్సినంత మందం పెరటి దారికి అక్కర్లేదు. కానీ సూత్రం అదే. మన ఊళ్లలో పునాదుల్లో, రోడ్ల కింద మొరం పోయడం చూశారు కదా, దాని వెనకున్నదీ ఇదే.

మేము చేసింది ఇలా. దారి పొడవునా 11 అంగుళాల లోతు రేగడి తీసేశాం. ఆ మట్టిని పారేయలేదు, చెట్ల చుట్టూ పాదులు కట్టాం. గుంతలో 8 అంగుళాల మొరం, ఒక్కసారిగా కాకుండా మూడు పొరలుగా. పొర పొరకీ నీళ్లు చల్లి దిమ్మిస. దాని మీద 2 అంగుళాల ఇసుక. ఆ పైన 2 అంగుళాల మందం బండ. అంతా కలిపితే 12 అంగుళాలు, అంటే బండ నేల కంటే ఒక అంగుళం పైకి ఉంటుంది. చుట్టూ ఉన్న బురద దారి మీదకి రాకుండా ఈ అంగుళమే కాపాడుతుంది.

సమయం కూడా ముఖ్యమే. ఏప్రిల్, మే నెలల్లో నేల పూర్తిగా ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది. అప్పుడు వేస్తే మొదటి వానకే ఉబ్బు ఎక్కువ. వానాకాలంలో తవ్వితే పార లేవదు. మాకు వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. అవి వెళ్లాక, నేలలో పదును ఇంకా మిగిలి ఉండే డిసెంబరు, జనవరి సరైన కాలం.

బండలు, ఇసుక, ఎంతెంత?

రాయి కోసం దూరం పోనక్కర్లేదు. మన జిల్లాలోనే తాడిపత్రి ఉంది, పక్కనే బేతంచెర్ల ఉంది. రెండూ సున్నపురాతి బండలకు పేరున్న ఊళ్లు. కొనేటప్పుడు పాలిష్ పెట్టిన బండ అడగొద్దు. తడిస్తే జారుతుంది. గరుకు ముఖం ఉన్నదే తీసుకోండి.

40 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుకు రెండడుగుల చదరపు బండలు 40 పడతాయి. విరిగేవాటికి, కోసేవాటికి ఇంకో మూడు కలుపుకోండి. ఒక్కో బండ దగ్గర దగ్గర 50 కిలోలు. ఇద్దరు లేకుండా ఎత్తొద్దు. మొరం దిమ్మిస కొట్టాక 107 ఘనపుటడుగులు నిలవాలి. కొడితే అణుగుతుంది కాబట్టి 135 నుంచి 140 దాకా తెప్పించాలి. ఇసుక 27 ఘనపుటడుగులు. ధర మాట్లాడేటప్పుడు బండ రేటు, బాడుగ, దించే కూలి విడివిడిగా అడగండి. చాలాసార్లు బండ కంటే దాని ప్రయాణానికే బరువైన ఖర్చు.

దారి వెడల్పులో, ఇంటి వైపు నుంచి చెట్ల వైపుకు ఒక అంగుళం వాలు ఇవ్వాలి. దారం కట్టి, రసమట్టం పెట్టి బండ బండకీ చూసుకోవాలి. నడిచేవాళ్లకు ఆ వాలు తెలియదు, నీళ్లకు తెలుస్తుంది. బండల మధ్య అర అంగుళం సందు వదిలి ఇసుకతో నింపండి. అక్కడ సిమెంటు వద్దు. వాన నీళ్లు కొన్ని ఆ సందుల్లోంచే దిగుతాయి, రేగడి కదిలినప్పుడు బండ కూడా విరగకుండా కాస్త కదులుతుంది. అంచుల్లో మాత్రం సన్నటి రాళ్లు నిలువుగా పాతి బిగించాలి. లేకపోతే ఇసుక పక్కలకి జారిపోతుంది.

చిన్న చిన్నవే, కానీ...

మొరం పోయక ముందే దారికి అడ్డంగా కింద రెండు అంగుళాల పీవీసీ పైపు ఒకటి వేసి, రెండు కొసలూ మూసి పెట్టండి. రేపు డ్రిప్పు గొట్టం కావాలన్నా, కరెంటు వైరు కావాలన్నా తవ్వే పని ఉండదు.

పెద్దవాళ్లు ఎక్కువగా తడబడేది పెద్ద మెట్టు దగ్గర కాదు, కంటికి ఆనని చిన్న ఎత్తు దగ్గర. వెనక తలుపు గడప దగ్గర, బాత్‌రూమ్ ముందర బండని నేరుగా సమంగా కలపండి. కుదరకపోతే స్పష్టంగా కనిపించేలా పూర్తి మెట్టే పెట్టండి. ఒక పక్క నడుము ఎత్తులో ఇనుప పైపు, రాత్రికి మనిషి అలికిడికి వెలిగే ఒక ఎల్ఈడీ బల్బు. బండల ఖర్చు ముందు ఇవి లెక్కలోకి రావు. కానీ వీటిని వదిలేస్తే మిగతా పనంతా సగమే.

ఇలా వేసిన దారి ఎప్పటికీ కదలదని మాట ఇవ్వలేను. రేగడి తన పని తాను చేస్తుంది. ఒకటి రెండు బండలు వాన తర్వాత ఒక మూల కుంగవచ్చు. అప్పుడు గడ్డపారతో ఆ ఒక్క బండ లేపి, కింద రెండు గుప్పెళ్ల ఇసుక వేసి, మళ్లీ కూర్చోబెడితే చాలు. అరగంట పని. అదే సిమెంటు పలక అయితే పగిలిన చోట పగలగొట్టి, మళ్లీ పోయాలి.

మీ ఇంట్లో కూడా వేయాలనిపిస్తే, బండలకు ఆర్డర్ ఇచ్చే ముందు ఒక వాన కోసం ఆగండి. వాన వెలిసిన గంటకి పెరట్లోకి వెళ్లి నీళ్లు ఎక్కడ నిలిచాయో, ఎటు పోతున్నాయో ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీయండి. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని, ‘నీకు ఎక్కడ భయమేస్తుంది?’ అని అడగండి. ఆ ఫొటోలు, ఆ జవాబు మేస్త్రీ ముందు పెట్టండి. దారి ఎటు పోవాలో, ఎంత వెడల్పు ఉండాలో అక్కడే తేలిపోతుంది.